తెల్లకోటులో చిన్నపుల్లయ్య

చిన్నపుల్లయ్యను వాళ్ళ ఊళ్ళో ఇప్పటికీ డాక్టరు పుల్లయ్య అంటారు. అతను డాక్టరు కాదు. కువైట్‌లో బ్నీద్ అల్ గార్ వైపు ఒక రెండంతస్తుల ఆసుపత్రి ఉండేది. అందులో ఆరేళ్ళు నేల తుడిచాడు. నేను అదే ఆసుపత్రిలో గుడ్డలు ఉతికాను. మొన్న అతని కూతురు సుధారాణి మా ఇంటికొచ్చి, "పెద్దమ్మా, మా నాయనతో కలిసి ఉన్నోళ్ళలో నువ్వే మిగిలినావు. ఆయన ఎట్లాంటోడో రాసి పెట్టు" అంది. నా చదువు మూడో తరగతి, అందులోనూ సగం దినాలు పంతులు రాలేదు. అయినా రాస్తున్నాను. జరిగింది రాయడానికి అంత చదువు అక్కర్లేదు.

పుల్లయ్యది పుల్లంపేట దగ్గర పల్లె. రెండెకరాల చేను, అందులో ఎండిపోయిన బోరు. ఎనభై నాలుగులో కువైట్ వచ్చాడు. అప్పటికి పెళ్ళయి ఏడాది. మనిషి పొట్టి, నలుపు, మాట మెత్తన. అరబ్బులకు 'ప' పలకదు కాబట్టి అందరికీ అతను 'బుల్లా'. ఆసుపత్రి కింద నేలమాళిగలో నా గుడ్డల గది, దాని పక్కన ఆడవాళ్ళకొక గది, మగవాళ్ళకొక గది. ఆడవాళ్ళ గదిలో నేనూ, వార్డుల్లో పనిచేసే రాయచోటి దిల్షాద్ బీ ఉండేవాళ్ళం.

వచ్చిన కొత్తలో పుల్లయ్యకు నెత్తురు చూస్తే కళ్ళు తిరిగేవి. ఒకసారి కాన్పుగదిలో నేల తుడవమంటే బకెట్ పక్కనే పడిపోయాడు. దిల్షాద్ బీ నీళ్ళు చల్లి లేపి, "ఏందయ్యా, కన్నది ఆ యమ్మనా, నువ్వా?" అని ఎగతాళి చేసింది. అయినా మనిషి పారిపోలేదు. ఒక ఏడాది తిరిగేసరికి రోగిని మంచం మీదనుంచి ఎత్తాలన్నా, మూర్ఛ వచ్చినవాళ్ళను పట్టుకోవాలన్నా నర్సులు బుల్లానే పిలిచేవాళ్ళు. మూర్ఛ వచ్చినవాళ్ళ నోట్లో ఏమీ కుక్కకూడదనీ, పక్కకు తిప్పి పడుకోబెట్టాలనీ వాళ్ళే నేర్పారు. అతను ఏదైనా ఒకసారి చూస్తే చాలు, చేతికి వచ్చేసేది.

ఆసుపత్రి ముందు హాలులో గోడకు ఒక పెద్ద ఫొటో ఉండేది. ఆసుపత్రి తెరిచిన రోజు తీసింది. పదకొండు మంది డాక్టర్లు వరసగా నిలబడి ఉంటారు. అందరికీ తెల్లకోట్లు, మెడలో గుండె చూసే గొట్టాలు, ఒక చెయ్యి కోటు జేబులో. ఆ ఫొటో అద్దం తుడిచేది పుల్లయ్యే. తుడుస్తూ చాలాసేపు చూసేవాడు. ఒకరోజు నాతో అన్నాడు.

"అక్కా, ఆ దినం నేల తుడిచినోళ్ళు కూడా ఉంటారు గదా? వాళ్ళనెందుకు నిలబెట్టలా?"

"నిలబెడితే నేలెవురు తుడుస్తారు?" అన్నాను.

నవ్వాడు.

ఎనభై ఏడులో ఒకసారి ఊరికి పోయి వచ్చాడు. మరుసటి ఏడు అతనికి ఆడపిల్ల పుట్టిందని ఉత్తరం వచ్చింది. ఆ పిల్లే సుధారాణి. ఆ ఉత్తరం వచ్చిన వారమంతా మనిషి నేలమీద నడవలేదు. అప్పుడే ఫొటో సంగతి ఎత్తాడు.

ఫొటో అంటే ఇప్పటివాళ్ళకు అర్థం కాదు, చెప్పాలి. ఆ రోజుల్లో కువైట్‌లో మనవాళ్ళు శుక్రవారం సెలవు దొరికితే స్టూడియోకు పోయేవాళ్ళు. స్టూడియో అతను కోటు ఇస్తాడు, టై ఇస్తాడు, చేతికి గడియారం పెడతాడు, పక్కన టెలిఫోను పెడతాడు. ఒంటెలు కాసేవాడు కూడా ఆఫీసరు మాదిరి ఫొటో దిగి ఇంటికి పంపిస్తాడు. అది అబద్ధమని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. పెళ్ళికి పోయేటప్పుడు పక్కింటామె నగ అడిగి పెట్టుకోమా, అట్లాంటిదే.

"అక్కా, నాకు స్టూడియో కోటు వద్దు. డాక్టరు కోటు ఒక్క గంట ఇయ్యి" అన్నాడు పుల్లయ్య.

"ఏం, ఆపరేషన్ చేస్తావా?"

"నా బిడ్డ నన్ను చూసేది ఫొటోలోనే గదా. బకెట్ పట్టుకున్నోని మాదిరి ఎందుకు చూడాల?"

గురువారం మాసిన కోట్లన్నీ నా దగ్గరికి వస్తాయి, శనివారం పొద్దున తిరిగి పోతాయి. శుక్రవారం అవి నావే. ఎముకల డాక్టరు కోటు ఒకటి గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఇచ్చాను. ఆ డాక్టరు తాటిచెట్టంత మనిషి. కోటు పుల్లయ్యకు మోకాళ్ళు దాటి పిక్కలదాకా వచ్చింది. చేతులు లోపలికి మడిచి నేనే పిన్నీసులు పెట్టాను. దిల్షాద్ బీ ఎక్కడినుంచో పాడైపోయిన గుండెగొట్టం ఒకటి తెచ్చి మెడలో వేసింది. మేము ముగ్గురం స్టూడియోకు పోయాం. పుల్లయ్య హాలులోని ఫొటోలో డాక్టర్లు నిలబడినట్టే నిలబడ్డాడు. ఒక చెయ్యి జేబులో, గడ్డం కొంచెం పైకి.

"ఓయబ్బా! నా మోకాలు నొప్పి కొంచెం చూస్తారా సార్?" అంది దిల్షాద్ బీ.

ఫొటో బాగా వచ్చింది. ఒకటి ఇంటికి పంపాడు, ఒకటి తన మంచం దగ్గర గోడకు అంటించుకున్నాడు. ఉత్తరంలో తాను డాక్టరునని అతను రాయలేదు. కాదని కూడా రాయలేదు.

రెండు నెలలకు ఊరినుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. మేనత్తకు మోకాళ్ళ వాపు. పక్కింటి ముసలాయనకు తిన్నది అరగదు. ఒకామెకు పిల్లలు లేరు, మందుంటే పంపమని. ఒకాయన తన ఎద్దు గొంతువాపు గురించి రెండు పేజీలు రాశాడు. పుల్లయ్య ఆ ఉత్తరాలన్నీ పట్టుకుని మందులిచ్చే కాంపౌండరు ఇద్రీస్ దగ్గరికి పోయేవాడు. ఇద్రీస్ సుడాన్ మనిషి, నవ్వితే గది అదిరేది. "బుల్లా, మీ ఊళ్ళో మనుషులకంటే రోగాలు ఎక్కువున్నాయి" అని నవ్వి, ఇవ్వదగ్గవి ఇచ్చేవాడు. ఊరికి పోయేవాళ్ళ చేత పుల్లయ్య నొప్పుల మందు, దగ్గు మాత్రలు పంపేవాడు. పెద్ద రోగమైతే 'కడప పెద్దాసుపత్రికి పొండి' అని రాసేవాడు. అతను చెప్పాడని పోయినవాళ్ళకు నయమైతే ఆ పేరూ అతనికే.

"నిజం రాయరా నాయనా. రేపు ఎవురన్నా చచ్చిపోతే నీ మెడకు చుట్టుకుంటాది" అన్నాను.

"రాయను అక్కా. ఈసారి పోయినప్పుడు పార్వతికి నోటితోనే చెప్తా. ఎదురుగా చెప్తే నవ్వుతుంది, ఉత్తరంలో చదివితే ఏడుస్తుంది."

శివపార్వతి అతని పెళ్ళాం. తొంభై సంవత్సరం అక్టోబరులో సెలవు మీద పోవాలని అనుకున్నాడు. పాపకు అప్పటికి రెండేళ్ళు నిండుతాయి. పాపను ఎత్తుకుని చూసింది లేదు. గౌను కొన్నాడు, అది చిన్నదవుతుందేమోనని ఇంకొకటి పెద్దది కొన్నాడు.

ఆగస్టు రెండో తేదీ గురువారం. తెల్లారకముందే దూరంగా దడదడమని మోతలు. ఎక్కడో కట్టడం పని అనుకున్నాను. ఎనిమిదైనా మాసిన కోట్లు రాలేదు. నేను అక్కడ పనిచేసిన అన్నేళ్ళలో గురువారం కోట్లు రాకపోవడం అదే మొదలు. కోపంగా మెట్లెక్కి పైకి పోతే, డాక్టర్లందరూ కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. వీధిలో ఇరాక్ మిలిటరీ ట్యాంకు ఒకటి మెల్లగా, సొంత వీధిలో పోతున్నట్టు పోతోంది.

తర్వాత ఒక్కొక్కరే పోయారు. ఆసుపత్రి యజమాని ఎండాకాలానికని ముందే దేశం దాటి ఉన్నాడు. ఈజిప్టు డాక్టర్లు కార్లలో పోయారు, నర్సులు వాళ్ళ దేశంవాళ్ళతో పోయారు. వాళ్ళు వదిలేసిపోయిన కోట్లు పద్నాలుగు ఉతికి నా గదిలో పెట్టాను, తీసుకునేవాళ్ళు లేరు. చివరికి ఇద్రీస్, ఒక ముసలి నర్సు, మేము ముగ్గురం. దెబ్బలు తగిలినవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఆ నర్సు కట్టు కడుతుంటే పుల్లయ్య పట్టుకునేవాడు. ఒకప్పుడు బకెట్ పక్కన పడిపోయినవాడు, ఇప్పుడు నెత్తురు తుడిచి చేతులు కడుక్కొని రొట్టె తినేవాడు.

సెప్టెంబరులో ఇండియావాళ్ళను బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్‌కు తీసుకుపోయి, అక్కడినుంచి విమానం ఎక్కిస్తారని తెలిసింది. ఇండియా స్కూలు దగ్గర రెండు రోజులు నిలబడి మా ముగ్గురి పేర్లు రాయించాం. మనిషికి ఒక్క సంచి. దారిలో చెక్‌పోస్టుల్లో సిపాయిలు సంచులు విప్పి, నచ్చింది తీసుకుంటున్నారని అందరూ చెప్పారు.

బయలుదేరేముందు మేము సంచులు సర్దుకున్నాం. దిల్షాద్ బీ తన సంచిలో అన్నిటికన్నా పైన ఖురాన్ పెట్టింది, దాన్ని తీసి కింద వేయడానికి ఏ సిపాయికీ చెయ్యి రాదని. నేను పైన మాసిన గుడ్డలు పెట్టాను. ఎవరికీ ముట్టుకోబుద్ధి కాదు. పుల్లయ్య మాత్రం గౌన్లు అడుగున పెట్టి, ఫొటోను చింపాలా వద్దా అని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"చింపుతావెందుకు? పైన పెట్టు" అన్నాను.

"పైనా?"

"ఆరేండ్లుగా చూస్తాండాను. తెల్లకోటు కనిపిస్తే పోలీసోడు కూడా పక్కకు జరుగుతాడు. నీ సంచిలో చెయ్యి పెట్టకుండా సలాం కొట్టి పంపిస్తారు. గౌన్లు భద్రంగా ఇంటికి చేరతాయి."

దిల్షాద్ బీ, "ఎందుకొచ్చింది అక్కా, దాన్ని ఇక్కడే వదిలెయ్యి" అంది.

"నీకేం తెలుసు, ఊరుకో" అన్నాను.

పుల్లయ్య ఫొటోను గుడ్డల పైన, ముఖం పైకి ఉండేటట్టు పెట్టి జిప్పు వేశాడు.

జహ్రా ఊరు దాటాక రెండో చెక్‌పోస్టు. మిట్టమధ్యాహ్నం. అందరినీ దించి సంచులు ఇసుకలో వరసగా పెట్టించారు. సిపాయి పుల్లయ్య సంచి విప్పి, ఫొటో చూసి సలాం కొట్టలేదు. ఆఫీసరును పిలిచాడు.

"దక్తూర్?" అన్నాడు ఆఫీసరు.

"లేదయ్యా. ఫరాష్" అన్నాడు పుల్లయ్య అరబ్బీలో. ఫరాష్ అంటే ఊడ్చి తుడిచేవాడు.

"డాక్టర్లు, నర్సులు పోవడానికి లేదు. నాకు హుకుం ఉంది. ఈ వారంలో ఈ రోడ్డు మీద పట్టుకున్న ప్రతి డాక్టరూ ఫరాషేనన్నాడు."

నేను వరసలోనుంచి బయటికొచ్చాను. పదేళ్ళు అరబ్బుల ఇళ్ళలో, ఆసుపత్రిలో నేర్చుకున్న అరబ్బీ అంతా వాడాను.

"సరిగ్గా చూడు. ఆ కోటు నేను ఉతికింది. ఆ కోటు ఎంత పొడుగుందో చూడు, పిక్కలదాకా ఉంది. చేతుల దగ్గర మడత చూడు, పిన్నీసు తల కనపడుతుంది. ఏ డాక్టరన్నా తనది కాని కోటు వేసుకుంటాడా? చేతులు చాపమను, చూడు."

ఆఫీసరు ఫొటో దగ్గరగా పెట్టుకుని చూశాడు. పిన్నీసు కనపడినట్టుంది, నవ్వాడు. పుల్లయ్య అరచేతులు చూశాడు. ఫినాయిలుకు, సోడాకు తోలు ఊడి, పగుళ్ళు నల్లబడిన చేతులు.

"నిజమే, ఇది డాక్టరు చెయ్యి కాదు" అని ఫొటో సంచిలో పడేశాడు. "యల్లా, పో."

మళ్ళీ బస్సెక్కుతున్నాం. నేను ముందు ఎక్కాను, నా వెనకే పుల్లయ్య. నేను గెలిచాననుకున్నాను. సీట్లో కూర్చున్న దిల్షాద్ బీ వైపు తిరిగి, రెండు చేతులూ తిప్పుతూ చెప్తున్నాను, "చూసినావా, పిన్నీసు పట్టిచ్చింది నేనే..."

బయట కేకలు. ఎండలో తుపాకీ పట్టుకుని నిలబడిన సిపాయి ఒకడు వెల్లకిలా పడి కొట్టుకుంటున్నాడు. మూర్ఛ. ఇద్దరు వాడి కాళ్ళు తొక్కిపట్టారు. ఒకడు బెల్టు తీసి నోట్లో కుక్కుతున్నాడు.

"అట్ల కుక్కితే సచ్చిపోతాడు" అన్నాడు పుల్లయ్య.

ఆ మాట నాకు వినపడింది. అప్పటికి అతని ఒక కాలు బస్సు మెట్టు మీద ఉంది. ఆ కాలు దించాడు. నేను వెనక్కి తిరిగి చూసేటప్పటికి ఇసుకలో మోకాళ్ళ మీద ఉన్నాడు. బెల్టు లాగి పారేశాడు. వాణ్ణి పక్కకు తిప్పాడు. తన చొక్కా విప్పి తలకింద పెట్టాడు. నురగ తుడిచి, మెడ దగ్గర గుండీ తీసి, "అయిపోయింది, అయిపోయింది" అని తెలుగులో అంటూ వీపు మీద చెయ్యి ఉంచి కూర్చున్నాడు. కొట్టుకోవడం ఆగింది. అప్పుడు కనురెప్ప పైకెత్తి చూశాడు, డాక్టర్లు చూసినట్టే. ఆ చూడటం అవసరం లేదు. అలవాటుకొద్దీ చేశాడు.

ఆ క్షణంలో నాకు భయం కలగలేదు. మావాడి పనితనం వీళ్ళు కూడా చూడనీ అనుకున్నాను.

ఆఫీసరు చూస్తూనే ఉన్నాడు. దగ్గరికొచ్చి పుల్లయ్య భుజం మీద చెయ్యేశాడు. కోపంగా కాదు, ఇష్టంగానే వేశాడు.

"ఫరాష్!" అన్నాడు. తల ఊపాడు. "ముసలిదాని చేత భలే చెప్పించావు. నా మనుషులు జ్వరాలతో పడి ఉన్నారు. నువ్వు ఇక్కడే ఉంటావు."

నేను దిగబోయాను. సిపాయి తుపాకీ అడ్డం పెట్టాడు. అరిచాను. పిన్నీసు, చేతులు, కోటు, మళ్ళీ అన్నీ చెప్పాను. ఎవరూ వినలేదు. బస్సులో మనవాళ్ళే, "కూర్చో తల్లీ, అందర్నీ ఆపేస్తారు, పిల్లలున్నారు" అని నా కొంగు పట్టి లాగారు. డ్రైవరు తలుపు మూసేశాడు. అతని సంచి కూడా కిందనే ఉండిపోయింది. చొక్కా లేకుండా ఇసుకలో నిలబడి పుల్లయ్య అరిచాడు.

"అక్కా, వారంలో వస్తానని ఇంటికాడ చెప్పు! పార్వతికి చెప్పు!"

జోర్డాన్‌లో గుడారాల్లో పదకొండు రోజులు ఉన్నాం. వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ పోయి చూశాను. తర్వాత బొంబాయి, అక్కడినుంచి కడప.

ఇంటికి కూడా పోకముందే పుల్లయ్య ఊరికి పోయాను. గోడకు ఆ ఫొటో, అద్దం వేయించి పెట్టుకున్నారు. సుధారాణి దాన్ని చూపించి "నాయన" అంది. ఊరంతా వచ్చి కూర్చుంది. డాక్టర్లు తక్కువై మిలిటరీవాళ్ళు ఆపుకున్నారని చెప్పాను. "ఆ దేశం మిలిటరీకే మన పుల్లయ్య కావలసొచ్చినాడు చూడు" అన్నాడు ఒక ముసలాయన. శివపార్వతి తల వంచుకుని ఉంది కానీ ముఖంలో ఆ గొప్పతనం కనపడుతూనే ఉంది. వారంలో వస్తాడని చెప్పాను. అతను డాక్టరు కాదని చెప్పలేదు. ఫొటో పైన పెట్టమన్నది నేనేనని అసలే చెప్పలేదు.

వారం పోయింది. జనవరిలో బాంబులు పడ్డాయి. ఫిబ్రవరి చివరికి యుద్ధం అయిపోయిందన్నారు. పుల్లయ్య రాలేదు. సర్కారుకు కాగితాలు పెట్టాం, తిరిగొచ్చినవాళ్ళ పేర్ల పట్టీలు వెతికించాం. ఎక్కడా అతని పేరు లేదు.

తొంభై రెండులో దిల్షాద్ బీ మళ్ళీ కువైట్ పోయింది. అక్కడ ఇద్రీస్ కనపడ్డాడు. అతను చెప్పిందంతా ఉత్తరంలో రాసి పంపింది. ఇద్రీస్‌ను కూడా సిపాయిలు పట్టుకుపోయి, ఆసుపత్రిగా మార్చిన ఒక బడిలో పెట్టారు. అక్కడ పుల్లయ్య ఉన్నాడు. పట్టుకున్న మూడో రోజే వాళ్ళ సొంత డాక్టరు వచ్చి నాలుగు ప్రశ్నలు వేసేసరికి సంగతి బయటపడిందట. ఆఫీసరు చెంప మీద కొట్టాడట. అప్పుడైనా వదిలిపెట్టొచ్చు కదా? అన్ని మంచాల మధ్య నేల తుడవడానికి మనిషి లేడని ఆపుకున్నారు. రోజూ పొద్దున ఆఫీసరు దగ్గరికి పోయి, పోనిమ్మని అడిగేవాడట. జనవరి మొదట్లో ఇద్రీస్‌ను ఇంకో చోటికి మార్చారు. ఆ బడిలో తర్వాత ఏం జరిగిందో చూసినవాళ్ళు ఎవరూ లేరు. యుద్ధం అయ్యాక ఇద్రీస్ పోయి చూస్తే, బడికి కప్పు లేదు.

ఆ ఉత్తరం పట్టుకుని రెండోసారి పోయాను. శివపార్వతి వసారాలో చేటలో చెనక్కాయలు పోసుకుని ఒలుస్తోంది. ఈసారి అన్నీ చెప్పాను. అతను నేల తుడిచేవాడని చెప్పాను. కోటు నేనిచ్చానని, ఫొటో సంచిలో పైన పెట్టమన్నది నేనేనని, దిల్షాద్ బీ వద్దంటే ఆమె నోరు మూయించానని చెప్పాను. ఆఫీసరు పొమ్మన్న సంగతి, సిపాయి పడిపోతే పుల్లయ్య అన్న మాట, బస్సు మెట్టు దిగిన సంగతి చెప్పాను. చివరికి ఉత్తరం చదివాను.

ఆమె ఏడవలేదు, అరవలేదు. కాయలు ఒలవడం మాత్రం ఆపింది.

"నేల తుడిచేవాడా?" అంది.

"అవునమ్మా."

"ఆ సంగతి చెప్తే నేనేమన్నా అనేదాన్నా?"

"అనవు. ఎదురుగా చెప్తే నవ్వుతుందనే అన్నాడు."

ఆ ఫొటో మాట ఎత్తుతుందని, నన్ను తిడుతుందని చూస్తున్నాను. తిడితే పడడానికే వచ్చాను. ఆమె అది ఎత్తలేదు.

"ఆయన బస్సు మెట్టు దిగినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు గదక్కా."

"ఉన్నాను."

"ఆ మాట నీకు వినపడింది గదా. చెయ్యి పట్టుకోలేదా?"

"లేదమ్మా" అన్నాను.

ఆమె మళ్ళీ చేట దగ్గరికి లాక్కుని ఒలవడం మొదలుపెట్టింది. నేను కూడా కింద కూర్చుని ఒక గుప్పెడు తీసుకున్నాను. పొమ్మనలేదు, ఉండమనలేదు. బస్సు వేళ అయ్యేదాకా ఇద్దరం కాయలు ఒలిచాం.